సీలు తీయని పెట్టె

నా దగ్గర మూడు వందల పన్నెండు మ్యాజిక్ సామాన్లు ఉన్నాయి. వాటిలో ఒక్కదానితోనూ నేను ఎవరి ముందూ మ్యాజిక్ చేసి చూపించలేదు. ఈ మాట చెప్పగానే జనం నన్ను అదోలా చూస్తారు, వంట రానివాడి ఇంట్లో మూడు వందల గిన్నెలున్నాయని విన్నట్టు. చూస్తే చూడనివ్వండి. స్టాంపులు దాచుకునేవాణ్ణి నువ్వు ఎన్ని ఉత్తరాలు రాశావని ఎవరూ నిలదీయరు. నా దగ్గరికి వచ్చేసరికే అందరికీ ఎక్కడ లేని న్యాయం గుర్తొస్తుంది.

నాది కళ్ళజోళ్ళ దుకాణం. అద్దాలు అరగదీయడం, ఫ్రేములో బిగించడం, మనిషి ముక్కు మీద వంకర లేకుండా కూర్చోబెట్టడం నా పని. దుకాణం మీద రెండు గదులున్నాయి. చిన్నదాంట్లో నేనుంటాను, పెద్దదాంట్లో సామాన్లుంటాయి. ఎండ తగిలితే రంగు వెలుస్తుందని కిటికీకి ఎప్పుడూ మందపాటి తెర వేసి ఉంచుతాను. పెళ్ళి చేసుకోలేదు. చేసుకుని ఉంటే పెద్ద గది పోయేది.

నా తమ్ముడు బస్సు కండక్టరు. ముప్పై ఏళ్ళు ఒకే రూట్లో తిరిగాడు. ఆ రూట్లో వాణ్ణి అందరూ మ్యాజిక్ కండక్టర్ అనేవాళ్ళు. ఇవ్వాల్సిన చిల్లర అరచేతిలోంచి మాయం చేసి, ప్రయాణికుడి చొక్కా జేబులోంచే తీసి ఇచ్చేవాడు. ఏడుస్తున్న పసిపిల్ల చెవి వెనక నుంచి టికెట్టు తీసేవాడు. వాడి బస్సు కోసం ముందు వచ్చిన బస్సు వదిలేసి నిలబడేవాళ్ళు ఉండేవారంటే మీరు నమ్మరు, నేను కళ్ళారా చూశాను. వాడికి ఒక్క పెట్టె లేదు, ఒక్క గొట్టం లేదు. నాణెం, జేబురుమాలు, టికెట్ల కట్ట, అంతే సామాను.

ఈ పిచ్చి మా ఇద్దరికీ ఒకే రోజు పట్టింది. మా బడికి ఒక మ్యాజిషియన్ వచ్చాడు. నేను ఆయన పెట్టెలు చూస్తూ కూర్చున్నాను. వాడు వెనక్కి తిరిగి పిల్లల ముఖాలు చూస్తూ కూర్చున్నాడు. తరువాత నేనూ ఒకసారి స్టేజీ ఎక్కాను, పదహారేళ్ళప్పుడు. చేతులు వణికి పేకముక్కలన్నీ కింద పడ్డాయి. హాలంతా గొల్లుమంది. పదమూడేళ్ళ తమ్ముడు గబగబా స్టేజీ మీదికి వచ్చి, అదీ ఆటలో భాగమే అన్నట్టు ముక్కలన్నీ ఏరి, చివరి ముక్క తన నోట్లోంచి తీశాడు. చప్పట్లు మోగాయి. ఆ రోజు నుంచి మా ఇంట్లో కొనేది నేను, చేసేది వాడు.

వాడు నన్ను 'మ్యూజియం' అని పిలిచేవాడు. నేను వాణ్ణి 'చిల్లర' అనేవాణ్ణి. ఇద్దరికీ కోపం రాలేదు, ఒక్కసారి తప్ప. పన్నెండేళ్ళ కింద వాళ్ళ డిపోలో ఏదో సభ ఉందని నా ఇత్తడి గిన్నెలు మూడు పట్టుకెళ్ళాడు. తెచ్చి ఇచ్చినప్పుడు ఒకదానికి సొట్ట ఉంది. నేను ఎనిమిది నెలలు వాడితో మాట్లాడలేదు. గిన్నెకి సొట్ట పడిందని తోడబుట్టినవాడితో ఎనిమిది నెలలు మాట్లాడని మనిషిని నేను. ఇది ముందే చెప్పేస్తున్నాను, తరువాత చెప్పబోయేది విని మీరు ఆశ్చర్యపోకుండా.

కిందటేడు ఒక మధ్యాహ్నం వాడు యూనిఫారంలోనే దుకాణానికి వచ్చాడు. కుర్చీలో కూర్చుని జేబులోంచి నాణెం తీశాడు.

"అన్నయ్యా, ఇది కింద పడిపోతోంది" అన్నాడు.

"వయసొస్తోంది. వేళ్ళు మొద్దుబారతాయి."

"వేళ్ళు కాదు. నాణెం ఎగరేస్తే మధ్యలో ఎక్కడో కనిపించకుండా పోతోంది. నేను మాయం చెయ్యకుండానే."

నవ్వుతూనే చెప్పాడు. నేను వాడి ఎడమ కన్ను మూసి, నా వేలు పక్క నుంచి మెల్లగా ముందుకు తెస్తూ, కనిపించగానే చెప్పమన్నాను. దుకాణానికి వచ్చినవాళ్ళలో వేలమందికి చేసిన పరీక్ష అది. వాడు వేలు దాదాపు ముక్కు ముందుకి వచ్చేదాకా ఏమీ చెప్పలేదు. రెండో కన్ను పరీక్షించినప్పుడు అసలు చెప్పనేలేదు. నేను దుకాణం షట్టరు దించి, వాణ్ణి కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాను.

నీటికాసులు అంది డాక్టరమ్మ. కంట్లో ఒత్తిడి పెరిగి, నొప్పీ గిప్పీ లేకుండా ఏళ్ళ తరబడి నరాన్ని తినేసిందట. ఎడమ కన్ను పోయింది. కుడి కంట్లో నడిమధ్యన చిన్న గుండ్రం మిగిలింది, గొట్టంలోంచి చూసినట్టు. పోయింది తిరిగి రాదు. చుక్కల మందులు, ఆపరేషను, అన్నీ ఉన్నదాన్ని కాపాడుకోవడానికే. ఉన్నది ఎన్నాళ్ళుంటుందని నేనే అడిగాను.

"నెలలు ఉండొచ్చు. ఒకరోజు పొద్దున లేచేసరికి లేకపోనూవచ్చు. మీరు ఈ పనిలో ఉన్నవారే కదా, మీకు అబద్ధం చెప్పి లాభం లేదు" అంది.

వాడు ఉద్యోగం మానేశాడు. ప్రతి ఆదివారం నేను వాళ్ళింటికి వెళ్ళేవాణ్ణి. రెండో అంతస్తులో రెండు గదుల ఇల్లు. మరదలు మా ఇద్దరికీ టీ ఇచ్చి, తను కూడా కుర్చీ లాక్కుని కూర్చునేది. ఆమె నోటికి భయపడి మా తమ్ముడు ముప్పై ఏళ్ళు సమయానికి ఇంటికి వచ్చాడని అందరూ అంటారు. ఆపరేషను అయిన నెలకి, అలాంటి ఒక ఆదివారం, ఆమె ఎత్తిపొడుపుగా మొదలుపెట్టింది.

"చూపు పోతుందని తెలిస్తే ఎవరైనా సముద్రం చూడాలంటారు, మంచుకొండలు చూడాలంటారు. కనీసం పెళ్ళాం ముఖం కాసేపు చూస్తానంటారు. ఈయనకేం కావాలో మీరే అడగండి బావగారూ."

"ఏం కావాల్రా?" అన్నాను.

వాడు టీ గ్లాసు కింద పెట్టాడు. బల్ల అంచు వేలితో తడిమి చూసుకుని మరీ పెట్టాడు.

"నన్నెవరైనా ఒక్కసారి మోసం చెయ్యాలి" అన్నాడు.

మాకు అర్థం కాలేదు. వాడు మెల్లగా చెప్పుకొచ్చాడు. వాడికి పదేళ్ళ వయసు నుంచి ఏ మ్యాజిక్ చూసినా లోపలి సంగతి తెలిసిపోయేది. కుడిచెయ్యి ఊపితే వాడి చూపు ఎడమచేతి మీద ఉండేది. ఎంత పెద్ద మ్యాజిషియన్ వచ్చినా వాడికి అక్కడ కనిపించేది పనే, మాయ కాదు.

"బస్సులో వాళ్ళు నోరు తెరుచుకుని చూసేవాళ్ళు చూడు, ఆ నోరు తెరవడం నాకు తెలీదు అన్నయ్యా. ముప్పై ఏళ్ళు అందరికీ తెరిపించాను. నాకొక్కసారీ తెరుచుకోలేదు. నాకు తెలియని మ్యాజిక్ ఒక్కటి, ఒక్కసారి చూడాలి. అలాంటిది నీ దగ్గర ఒకటుంది."

ఏదో నాకు తెలుసు. నా గదిలో నడిమి అలమరలో, గాజు వెనక ఉన్నది అదొక్కటే.

జానెడు ఎత్తు చెక్కపెట్టె. దాన్ని చేసినాయన జన్మంతా మ్యాజిషియన్లకు సామాన్లు చేసిచ్చిన వడ్రంగి. చివరి రోజుల్లో తన కోసం తాను ఇదొక్కటి చేసుకున్నాడు. ముందూ వెనకా తలుపులు. రెండూ తెరిస్తే పెట్టెలోంచి అవతలి మనిషి ముఖం కనిపిస్తుందట. లోపల ఎర్ర బంతి పెట్టి, తలుపులు మూసి, మళ్ళీ తెరిస్తే బంతి ఉండదట. అవతలి ముఖం మాత్రం ఉంటుందట. ఆయన చేయగా చూసిన ఒకే ఒక్క ముసలాయన నాకు చెప్పిన మాట ఇది. ఎలా జరుగుతుందో బతికున్నవాళ్ళలో ఎవరికీ తెలియదు. చేసే పద్ధతి కాగితం మీద రాసి, లోపల పెట్టి, తలుపుల మీదుగా నాడా చుట్టి, ముడి మీద ఎర్ర లక్కతో సీలు వేసి పోయాడాయన. సీలు చెక్కుచెదరకుండా నా చేతికి వచ్చింది. నేను పధ్నాలుగేళ్ళుగా దాన్ని అలాగే ఉంచాను.

"చేస్తానురా" అన్నాను.

మనస్ఫూర్తిగానే అన్నాను. మా తమ్ముడు నన్ను జీవితంలో అడిగిన రెండో వస్తువు అది. మొదటివి ఆ గిన్నెలు.

మర్నాడు పొద్దున దుకాణం తెరవకముందే పెట్టె బల్ల మీద పెట్టుకుని, చిన్న కత్తి పట్టుకుని కూర్చున్నాను. కత్తి మొన లక్క అంచున ఆనించాను. వడ్రంగి బొటనవేలి గీతలు ఆ లక్కలో ఇంకా స్పష్టంగా ఉన్నాయి. చెయ్యి ముందుకి పోలేదు. గంట గడిచింది. కింద ఎవరో షట్టరు కొడుతుంటే లేచి, కత్తి సొరుగులో పడేసి వెళ్ళిపోయాను.

సామాన్ల పిచ్చివాళ్ళం మేం ఊళ్ళో ఐదుగురం ఉన్నాం. నెలకోసారి ఒకరి ఇంట్లో చేరి, చేతులకు నూలు తొడుగులు వేసుకుని ఒకరి వస్తువులు ఒకరం చూసుకుంటాం. ఎవరమూ మ్యాజిక్ చేయం. చేయమని అడగడం మాలో మర్యాద కాదు. ఆ ఐదుగురిలో ఒకాయన ఆస్పత్రిలో ఎక్స్‌రే తీస్తాడు. ఆయనకి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. తమ్ముడి కన్ను దగ్గర 'అయ్యో' అన్నాడు. లక్క దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు వణికింది.

"సీలు తియ్యకండి. మీకు దండం పెడతాను. లోపల ఏముందో చూడాలి, అంతే కదా? చూడ్డానికి తెరవడం ఎందుకు? నేనేం పని చేస్తానో మర్చిపోయారా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ మధ్యాహ్నం భోజనాల వేళ, గదిలో ఎవరూ లేనప్పుడు పెట్టెను తీసుకెళ్ళాను. మనుషులు పడుకునే బల్ల మీద దాన్ని పడుకోబెట్టాడు. "ఊపిరి బిగపట్టు, కదలకు" అని పెట్టెతో అన్నాడు. ఇద్దరం పిల్లల్లా నవ్వుకున్నాం. నాలుగు వైపుల నుంచి నాలుగు ఫిల్ములు తీశాడు. వాటిలో స్ప్రింగు కనిపించింది, కీళ్ళు కనిపించాయి, ఇంకొక ముఖ్యమైన వస్తువూ కనిపించింది. అదేమిటో ఇక్కడ రాయను. మాలాంటివాళ్ళకి ఉన్న నీతి అదొక్కటే. దాన్ని బట్టి అలాంటి పెట్టె మరొకటి చేయించవచ్చు. సీలు సీలులా ఉంటుంది, తమ్ముడి కోరికా తీరుతుంది. నా అంత తెలివైనవాడు లేడనుకుంటూ ఇంటికి వచ్చాను. నేను చేసిన తెలివితక్కువ పనుల్లో ఇంత తెలివిగా చేసింది మరొకటి లేదు.

మా వీధి చివర దుకాణంలో ఉండే వడ్రంగి దగ్గరికి వెళ్ళాను. ఆయన ఫిల్ములు వెలుతురుకి ఎత్తి పట్టుకుని చూశాడు.

"రోగి ఎవరు సార్?" అన్నాడు.

"పెట్టె."

"పెట్టే ఇవ్వండి మరి. విప్పి చూస్తే ఒక పూటలో చేసిపెడతాను."

"విప్పకూడదు."

ఆయన నా ముఖం ఒకసారి చూసి, ఫిల్ములు చుట్టి పక్కన పెట్టుకున్నాడు. రెండు వారాలు పట్టింది. ఫిల్ముల్లో ఇనుము కనిపించినంత బాగా చెక్క కనిపించదు. మందాలు ఊహించుకుని చేశాడు. తొలి పెట్టెలో బంతి పెట్టి తలుపులు మూస్తే, మళ్ళీ తలుపులే తెరుచుకోలేదు. సుత్తి పెట్టి కొట్టాల్సొచ్చింది. రెండోది మొదలుపెట్టాడు.

ఆ ఆదివారాల్లో తమ్ముడు ఎంతదాకా వచ్చిందని అడిగేవాడు. సాధన చేస్తున్నానని చెప్పేవాణ్ణి. అది విని వాడి ముఖం వెలిగిపోయేది. జన్మలో మొదటిసారి మ్యూజియం తలుపు తెరిచిందని మరదలితో అన్నాడు. నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవాడు.

"చెయ్యి వణికితే వణకనీ అన్నయ్యా, దాచకు. దాస్తేనే అందరూ చూస్తారు. బంతిని చూడకు, నన్ను చూడు. నువ్వెక్కడ చూస్తే జనం అక్కడే చూస్తారు. తలుపు తెరిచాక వెంటనే మాట్లాడకు. ఒక్క క్షణం ఊరుకో. ఆ క్షణం వాళ్ళది, నీది కాదు."

వాడు నాణెం పట్టుకుని చూపించబోయాడు. అది జారి కుర్చీ కిందికి దొర్లింది. వాడు చప్పుడు విని అటు వంగాడు. నేను తీసి చేతిలో పెట్టాను. వాడు దాన్ని జేబులో వేసుకుని పాఠం కొనసాగించాడు.

నాలుగో వారం మధ్యలో మరదలు దుకాణానికి వచ్చింది. కళ్ళజోడు మర ఊడిందని బల్ల మీద పెట్టింది. మర ఊడలేదు, కొంచెం వదులైంది, అంతే. నేను బిగిస్తుంటే అంది:

"బావగారూ, ఆ మ్యాజిక్ ఏదో ఈ వారమే చేసెయ్యండి. బాగా రాకపోయినా ఫరవాలేదు."

"ఇంకో పది రోజులమ్మా. పెట్టె తయారవుతోంది."

"తయారవడమేంటి? మీ దగ్గరే ఉందిగా?"

నేను మర మీదికి ఇంకాస్త వంగాను. ఆమె కదలకుండా నిలబడింది. చివరికి ఫిల్ముల సంగతీ, వడ్రంగి సంగతీ అంతా చెప్పాను. నకలు మీద చేతులు బాగా తిరిగితే తప్పు రాదనీ, అసలుది పాడైతే మళ్ళీ ప్రపంచంలో దొరకదనీ కూడా చెప్పాను. చెబుతున్నకొద్దీ నా గొంతు నాకే కొనుగోలుదారుడికి ఫ్రేము అంటగట్టే గొంతులా వినిపించింది.

"లక్క పోతుందనా?" అంది.

నేను కళ్ళజోడు తుడిచి బల్ల మీద పెట్టాను.

"సరే బావగారూ" అని వెళ్ళిపోయింది. ఆమె పోయిన తరువాత చూస్తే కళ్ళజోడు బల్ల మీదే ఉంది.

ఆ సాయంత్రం మళ్ళీ కత్తి తీశాను. ఈసారి గంటసేపు కూడా కూర్చోలేదు. పది రోజులేగా అనుకున్నాను. ఇంత పని జరిగాక ఇప్పుడు సీలు తీస్తే ఆ ఎక్స్‌రేకి, ఆ వడ్రంగి కష్టానికి అర్థమేమిటనుకున్నాను. మనిషికి చేయకూడదని ఉన్న పనికి ఎన్ని కారణాలైనా దొరుకుతాయి, నాకు అలమర నిండా దొరికాయి. ఉన్నమాట చెప్పాలంటే నాకు భయం. లక్క పోతుందన్న భయం సగం. అది పోతే ఇక తప్పించుకోవడానికి వీల్లేక, స్టేజీ ఎక్కి చేయాల్సి వస్తుందన్న భయం సగం. అప్పటికి నాకు అరవై రెండేళ్ళు.

మరదలి ముఖం చూడలేక ఆ ఆదివారం వెళ్ళకూడదనుకుంటున్నాను. శనివారం తమ్ముడే ఫోన్ చేశాడు.

"రేపు రాకు అన్నయ్యా. పై వారమూ రాకు. రిహార్సల్ చేసుకో. వచ్చేటప్పుడు పెట్టెతోనే రా. నాక్కూడా కాస్త ఎదురుచూడ్డం ఉండాలి కదా."

గొంతు ఎప్పట్లాగే హుషారుగా ఉంది. నేను బతికిపోయాననుకున్నాను.

రెండో పెట్టె పది రోజులకి వచ్చింది. పని చేసింది. మొదటిసారి బంతి మాయమైనప్పుడు వడ్రంగి చేతిలోని చిత్రిక కింద పెట్టేశాడు. రోజూ పొద్దున్నే దుకాణం తెరవకముందు, జనం కళ్ళజోళ్ళు పెట్టుకుని చూసుకునే అద్దం ముందు నిలబడి చేసేవాణ్ణి. ఇరవైసార్లు చేస్తే పదిహేడుసార్లు వచ్చేది. మూడుసార్లు లోపల ఏదో పట్టేసేది. కొత్త చెక్క కదా, అరగాలి అన్నాడు వడ్రంగి. తమ్ముడు చెప్పినట్టు బంతిని చూడకుండా, ఎదుటి ముఖాన్ని చూడటం నేర్చుకున్నాను. అద్దంలో నా ముఖమే ఉండేది. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఆ వారం నాకు సంతోషంగా ఉండింది. మూడు వందల పన్నెండు సామాన్లు కొన్నప్పుడు కలగని సంతోషం, ఆ ఒక్క నకలు పెట్టె తలుపు తెరిచినప్పుడు కలిగింది. వాడు నలభై ఏళ్ళుగా నాకు చెప్పాలని చూసింది ఇదే కాబోలు అనుకున్నాను. వెళ్ళి వాడితో చెప్పాలనుకున్నాను.

ఆదివారం ఇస్త్రీ చేసిన చొక్కా వేసుకుని, పెట్టె సంచిలో పెట్టుకుని వెళ్ళాను. మెట్లెక్కేసరికి తలుపు తీసే ఉంది. తమ్ముడు డ్యూటీకి వెళ్ళేవాడిలా గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"రా అన్నయ్యా. నీలం చొక్కా నీకు బాగుంటుందని ఎన్నాళ్ళ నుంచి చెబుతున్నాను" అన్నాడు.

నా గుండెల మీంచి బరువు దిగిపోయింది. చూపు ఇంకా ఉంది, సమయానికే వచ్చాననుకున్నాను. మరదలు వంటగది గుమ్మంలో నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"బల్ల కిటికీ దగ్గర వేయించాను. వెలుతురు బాగా పడుతుందని" అన్నాడు.

పెట్టె బల్ల మీద పెట్టాను. చప్పుడు విని వాడు చెయ్యి చాచాడు. నేను కంగారుగా పెట్టె వెనక్కి లాగాను. ఆ వేళ్ళు ఒక్కసారి తగిలితే కొత్త చెక్క అని కనిపెట్టేస్తాయి.

"ప్రేక్షకులు సామాను ముట్టుకోకూడదు" అన్నాను.

వాడు పెద్దగా నవ్వాడు. "నేర్చుకున్నావే" అని చెయ్యి వెనక్కి తీసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాడు. బడిలో మొదటి వరసలో కూర్చున్న పిల్లాడిలా ఉన్నాడు.

మొదలుపెట్టాను. చేతులు వణికాయి. దాచలేదు. తలుపులు రెండూ తెరిచాను. పెట్టెలోంచి అవతల వాడి ముఖం కనిపించింది. "ఇదిగో, లోపల ఏమీ లేదు. ఇది ఎర్ర బంతి. దీన్ని ఇందులో పెడుతున్నాను. తలుపులు మూస్తున్నాను" అన్నాను. గొంతు నాది కాదనిపించేంత బాగా పలికింది. పెట్టె మీద రెండుసార్లు తట్టాను. అప్పుడు లోపల చిన్న కదలిక నా వేళ్ళకి తెలియాలి. తెలిసిందో లేదో అర్థం కాలేదు. తమ్ముడి ముఖం చూస్తూ రెండు తలుపులూ ఒకేసారి తెరిచాను.

బంతి అక్కడే ఉంది. పెట్టె నడుమ, కిటికీ వెలుతురులో, ఎర్రగా, ఎవరికైనా కనిపించేలా కూర్చుని ఉంది. దాని అవతల వాడి ముఖం ఉంది.

ఆగరా, ఇంకోసారి చేస్తాను అనబోయాను. అంతలో వాడి నోరు మెల్లగా తెరుచుకుంది. ఒక్క క్షణం అలాగే ఉండిపోయాడు. తరువాత చప్పట్లు కొట్టాడు.

గుమ్మంలో మరదలు చేత్తో నోరు మూసుకుంది.

తరువాత మెట్ల దగ్గర ఆమె నాకు చెప్పింది. తను దుకాణానికి వచ్చి వెళ్ళిన మూడో రోజు పొద్దున వాడు లేచి లైటు వెయ్యమన్నాడట. లైటు వెలుగుతూనే ఉందట. ఆ రోజు మధ్యాహ్నమే నాకు ఫోన్ చేసి రావద్దన్నాడట. అన్నయ్య ఇప్పుడిప్పుడే మొదలుపెట్టాడు, తెలిస్తే మానేస్తాడు, చెప్పావంటే నా మీద ఒట్టు అన్నాడట. నేను వీధి మలుపు తిరగడం కిటికీలోంచి చూసి, చొక్కా రంగు ఆమే చెప్పిందట. మెట్ల మీద ఆమె ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఆమె వచ్చి అడిగిన ఆ సాయంత్రం నేను కత్తి ఒక్క అంగుళం ముందుకి తోసి ఉంటే, వాడికి ఇంకా రెండు పొద్దులు చూపు మిగిలి ఉండేది. లక్క సీలు ఇప్పటికీ గాజు వెనక చెక్కుచెదరకుండా ఉంది. దాన్ని చూస్తే నాకు నా మీద అసహ్యం వేస్తుంది.

కానీ ఇదంతా తరువాత. ఆ క్షణంలో మాత్రం వాడు చప్పట్లు ఆపి, నా వైపు, నా గొంతు ఉన్న వైపు, ముఖం తిప్పాడు.

"లేదు. నిజంగానే లేదు. నాకు తెలియలేదు అన్నయ్యా. ఇన్నేళ్ళకి ఒక్కడు మోసం చేశాడు నన్ను, అదీ నువ్వు" అన్నాడు. వాడి కళ్ళలో నీళ్ళున్నాయి.

నేను బంతి వంక చూస్తూ నిలబడ్డాను.

"ఎలా చేశావో మాత్రం చెప్పకు" అన్నాడు.

చెప్పనన్నాను.